ఎండని చేప, తెగిన కట్ట
జానపద కథల లోపలి అర్థం, బతుకులో దాని వినియోగం



ఈ ఉపన్యాసం దివాన్ బహదూర్ కేశవపిళ్లె స్మృతికి అంకితం. 1860లో పుట్టి 1933లో కన్నుమూసిన ఆయన గుత్తిలో న్యాయవాదిగా స్థిరపడ్డారు. ఊరి పేరు చేర్చితే గానీ ఆయన పేరు పూర్తి కాదన్నంతగా గుత్తి కేశవపిళ్లె అయ్యారు. 1885లో బొంబాయిలో జరిగిన మొట్టమొదటి కాంగ్రెసు మహాసభకు వెళ్లిన ప్రతినిధుల్లో ఆయన ఒకరు. ‘హిందూ’ పత్రికకు రాశారు. మద్రాసు శాసనమండలిలో సభ్యులుగా, ఆ తర్వాత ఉపాధ్యక్షులుగా పనిచేశారు. 1922లో భారతీయ కూలీల స్థితిగతులు తెలుసుకోవడానికి బ్రిటిష్ గయానా వెళ్లిన బృందానికి నాయకత్వం వహించారు. నోరులేనివారి తరఫున అధికారం ముందు నిలబడి, ఇది ఎందుకిలా జరిగిందని అడగడం ఈ పనులన్నిటిలోనూ కనిపిస్తుంది. అలాంటి మనిషిని తలుచుకునే వేదిక మీద అవ్వలు చెప్పే కథల గురించి మాట్లాడడం మొదట వింతగా తోచవచ్చు. కానీ తెలుగు బిడ్డలకు ‘ఎందుకు’ అని అడగడం నేర్పింది ఆ కథలే. కథ లోతు అది అడిగే ప్రశ్నలో ఉంటుంది. అడగకుండా దాటేసిన ప్రశ్నలో ఇంకా ఎక్కువగా ఉంటుంది. ఈ ఉపన్యాసం నిరూపించదలచినది ఇదే.

1. నీతి, వేదాంతం, ప్రశ్న

కథకు అర్థం చెప్పే పద్ధతులు తెలుగునాట రెండు బాగా అలవాటయ్యాయి. మొదటిది నీతి. పాఠ్యపుస్తకాల్లో కథ ముగియగానే దాని కింద ఒక వాక్యం ఉంటుంది. పరీక్షలో ఆ వాక్యం రాస్తే మార్కులు వస్తాయి. రెండోది వేదాంతార్థం. కథలో రాజు కనిపిస్తే జీవుడని, ఆవు కనిపిస్తే జ్ఞానమని, అడవి కనిపిస్తే సంసారమని పేర్లు మార్చుకుంటూ పోవడం. రెండింటిలోనూ మేలు ఉంది. నీతి వల్ల కథ గుర్తుంటుంది. వేదాంతార్థం వల్ల కథకు గౌరవం దక్కుతుంది. అయితే రెండూ కథను త్వరగా ముగిస్తాయి. అర్థం చేతికి వచ్చాక ఇక కథతో పనిలేదన్నట్టు అవుతుంది.

బయటి ప్రపంచంలోనూ ఈ వెతుకులాట సాగింది. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో తమ కథల మొదటి సంపుటం అచ్చువేశారు. రష్యాలో వ్లదీమిర్ ప్రాప్ 1928లో అద్భుత కథల నిర్మాణాన్ని విడదీసి, అవన్నీ 31 రకాల చర్యల వరుసతో నడుస్తాయని చూపాడు. 1976లో బ్రూనో బెటల్‌హైమ్ ఈ కథలు పసిమనసులోని భయాలకు, కోపాలకు రూపమిచ్చి వాటిని దాటడానికి తోడ్పడతాయని వాదించాడు. మన దక్షిణాది కథలను ప్రపంచానికి చూపిన ఎ.కె. రామానుజన్ మరో మాట చేర్చాడు. కథను ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో చెబుతున్నారన్నది కూడా అర్థంలో భాగమే. అత్తగారి గురించిన కథ కోడలి నోట ఒకలా, అత్త నోట మరొకలా నడవడం సభలోని తల్లులకు కొత్త సంగతి కాదు.

వీటన్నిటికంటే పాతదైన ఒక సూచన మన దగ్గరే ఉంది. అది బేతాళ కథలు. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో ఇవి ఉన్నాయి. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ వీటి నమూనాను ఇంటింటికీ చేర్చింది. రాజు భుజం మీద శవం. ఆ శవంలోని బేతాళుడు కథ చెబుతాడు. చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఇక్కడ కథ చివర నీతి ఉండవలసిన చోట ప్రశ్న ఉంది. పాత పాఠంలో చివరి ప్రశ్నకు రాజు దగ్గర జవాబు లేదు. నిజంగానే తెలియక మౌనంగా నడుస్తాడు. ఆ మౌనానికి మెచ్చిన బేతాళుడు, శవం తెమ్మని రాజును పంపిన భిక్షువు పన్నిన కుట్ర చెప్పి అతని ప్రాణం కాపాడతాడు. అన్ని జవాబులూ చెప్పిన తెలివి రాజును చెట్టుకూ శ్మశానానికీ మధ్య తిప్పింది. జవాబు లేని ప్రశ్నను మోస్తూ నడవడం అతణ్ని బతికించింది. కథలు వినే పద్ధతి ఎలా ఉండాలో ఇంతకంటే స్పష్టంగా చెప్పిన శాస్త్రగ్రంథం లేదు.

2. ఎండని చేప

ఏడు చేపల కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. రాజుకు ఏడుగురు కొడుకులు. వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఒక చేప ఎండలేదు. ఎందుకని అడిగితే గడ్డిమేటు అడ్డమొచ్చిందని చేప చెప్పింది. గడ్డిమేటు ఆవు మేయలేదంది. ఆవు గొల్లపిల్లాడు మేపలేదంది. వాడు అవ్వ బువ్వ పెట్టలేదన్నాడు. అవ్వ పసిబిడ్డ ఏడ్చిందంది. బిడ్డ చీమ కుట్టిందంది. చివరికి చీమను నిలదీస్తే, తన పుట్టలో వేలు పెడితే కుట్టకుండా ఎలా ఉంటానని ఎదురడిగింది. కథ అక్కడితో ఆగిపోతుంది. ఊరూరికీ ఈ వరుసలో చిన్న తేడాలున్నా చీమ జవాబు మాత్రం మారదు.

దీనికి వేదాంతార్థం ఊరూరా ప్రచారంలో ఉంది. రాజు జీవుడు, ఏడుగురు కొడుకులు సప్తధాతువులు, ఎండిన ఆరు చేపలు కామక్రోధాదులు, ఎండనిది మనసు. గడ్డిమేటు అజ్ఞానం, ఆవు జ్ఞానం, గొల్లవాడు గురువు, అవ్వ జగన్మాత, చీమ సంసారం. పెద్దలు చెబుతున్నప్పుడు ఇది ఎంతో చక్కగా కుదిరినట్టే ఉంటుంది. కానీ ఈ అన్వయంలో చీమ సంసారబాధగా, దోషిగా మిగులుతుంది. కథలో చీమ దోషి కాదు. తన ఇంటిని తాను కాపాడుకుంది. బిడ్డ కూడా దోషి కాదు. పసివేలికి పుట్ట అని తెలియదు. ఏడ్చే బిడ్డను ఎత్తుకున్న అవ్వ తప్పు చేయలేదు. ఆకలితో ఉన్న పిల్లాడు ఆవును తోలుకుపోలేదంటే వాణ్ని ఎవరూ తప్పుపట్టరు. వరుసలో ఉన్న ప్రతి ఒక్కరూ నిజమే చెప్పారు. అయినా చేప ఎండలేదు.

ఈ కథ లోతు ఇక్కడుంది. తప్పు ఎవరిదని వెతుక్కుంటూ బయలుదేరిన ప్రశ్న, చివరికి ఎవరి తప్పూ లేని చోటికి చేరింది. దోషిని పట్టుకోవాలన్న పట్టుదల, కష్టం ఎలా పుట్టిందో తెలుసుకునే ఎరుకగా మారింది. పసిబిడ్డను నిద్రబుచ్చుతూ చెప్పే కథలో ఇంత పెద్ద మార్పు జరగడం ఆశ్చర్యం. నిందకూ కారణానికీ తేడా తెలియక కుటుంబాలు, ఊళ్లు తగువులాడుకుంటాయి. ఆ తేడా నాలుగేళ్ల బిడ్డకు అందేలా ఈ కథ చెబుతుంది.

మరొక సంగతి ఉంది. ఇంగ్లండులో ముసలమ్మ, పందిపిల్ల కథ ఒకటి ఇదే గొలుసుకట్టు పద్ధతిలో సాగుతుంది. పందిపిల్ల కంచె దాటదు. కుక్కను కరవమంటే కరవదు, కర్రను కొట్టమంటే కొట్టదు. అలా పిల్లి దాకా పోతుంది. పిల్లికి పాలు దొరకగానే గొలుసంతా వెనక్కి కదిలి, పంది కంచె దాటుతుంది, ముసలమ్మ ఇంటికి చేరుతుంది. మన కథలో అలా జరగదు. చీమ జవాబు విన్నాక వెనక్కి నడిచేవారు ఎవరూ లేరు. చేప తడిగానే ఉంది. ఆ వెనక్కి నడిచే పనిని కథ విన్నవాడికి వదిలేస్తుంది.

వెనక్కి నడవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? చీమను ఏమీ చేయలేం, చేయనక్కర్లేదు. గడ్డిమేటును ఒక్కరు జరపలేరు. ఈ గొలుసులో మనిషి చేయి సులువుగా పడే చోటు ఒకటుంది. అవ్వ ఒడిలోని బిడ్డను కాసేపు ఇంకెవరైనా ఎత్తుకుంటే అవ్వ బువ్వ పెడుతుంది, పిల్లాడు ఆవును తోలుకుపోతాడు, మిగతావన్నీ వాటంతటవే కదులుతాయి. రాజకుమారులు ఏడుగురున్నారు. ప్రశ్న వేసినవాళ్లలో ఒక్కరూ బిడ్డను ఎత్తుకోలేదు.

ఈ కథను అనంతపురం పీఠభూమి మీద పెట్టి చూడవచ్చు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు చాలావరకు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనం కోస్తా దాటి ఇక్కడికి చేరేసరికి బలం తగ్గిపోతుంది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన. అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఇరవయ్యో శతాబ్దంలో కొర్ర, సజ్జ, జొన్న చేలను జరుపుకుంటూ వేరుశనగ ఈ నేలను కమ్మేసింది. చెనక్కాయ పంట ఎందుకు చేతికి రాలేదని అడిగితే, ఊడలు దిగే వేళకు వాన లేదంటారు. బోరు ఏమైందంటే ఎండిందంటారు. ఎందుకెండిందంటే పక్క చేలో ఇంకా లోతుకు దింపారంటారు. పక్క రైతును అడిగితే అప్పు తీర్చాలంటాడు. చెరువు నిండితే భూమిలో నీళ్లు ఊరేవి కదా అంటే పూడిక పడిందంటారు. పూడిక ఎందుకు తీయలేదంటే అది ఊరందరిదంటారు. ఏడు చేపల కథలో లాగే ఇక్కడా ప్రతి జవాబూ నిజమే. ఒకణ్ని దోషిగా నిలబెట్టి ఊరుకుంటే కథ చీమ దగ్గర ఆగినట్టే. గొలుసులో మనిషి చేయి పడే చోటు ఏదని వెతికితే, ఒక ఊరికి అది పూడికతీత కావచ్చు, మరో ఊరికి పక్కపక్క రైతులు ఒక బోరు నీళ్లు పంచుకోవడం కావచ్చు, మరో ఇంటికి చెనక్కాయ సాళ్ల నడుమ కంది వేయడం కావచ్చు.

3. చిలకలో ప్రాణం

బాలనాగమ్మ కథను బుర్రకథగా విన్నవారు, 1942 నాటి జెమినీ సినిమా గురించి పెద్దలు చెప్పగా విన్నవారు సభలో ఉంటారు. బాలనాగమ్మను ఎత్తుకుపోయిన మాయల ఫకీరు ప్రాణం అతని ఒంట్లో లేదు. సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. కత్తితో ఫకీరును నరికినా ఫలం లేదు. ఆమె కొడుకు బాలవర్ధిరాజు చిలకను పట్టుకున్నాకే ఫకీరు పని అయిపోతుంది. ప్రాణాన్ని మరోచోట దాచుకున్న రాక్షసుడి కథలు రష్యా నుంచి స్కాట్లండు దాకా ఉన్నాయి. అన్నిటిలోనూ బలం ఎక్కడ కనిపిస్తోందో ప్రాణం అక్కడ ఉండదు. ప్రాణం ఎక్కడుందో కనిపెట్టడానికి కత్తి పనికిరాదు. మాటల్లో పెట్టి అడిగి తెలుసుకోవాలి.

గుత్తివారికి ఈ కథ వేరే రూపంలో తెలుసు. తలెత్తితే కనిపించే ఈ కోట బలమంతా దాని రాతిగోడల్లో, బురుజుల్లో ఉన్నట్టు తోస్తుంది. మురారిరావు ఘోర్పడే ఏలుబడిలో ఉండగా హైదర్ అలీ దీన్ని ముట్టడించాడు. 1776లో కోట లొంగింది. గోడలు కూలి లొంగలేదు. కొండ మీది నీళ్లు అయిపోయాయి. సంధి మాటలు నడుస్తుండగా కోట నుంచి వెళ్లిన ఒక యువకుడు, నీళ్లు లేకనే ఇంత దాకా వచ్చింది గానీ లేకపోతే లొంగేవాళ్లమే కాదని పౌరుషంగా అన్నాడనీ, అది విన్న హైదర్ సంధి పక్కనపెట్టి ముట్టడి మళ్లీ బిగించాడనీ చెబుతారు. మురారిరావు బందీగానే కన్నుమూశాడు. గుత్తి కోట ప్రాణం దాని నీటి తొట్లలో ఉంది. ఆ సంగతి శత్రువుకు తెలిసిన రోజున గోడలకు విలువ లేకపోయింది.

ఒక ఇంటిని, ఊరిని, మనిషిని చూసినప్పుడు వేయవలసిన ప్రశ్న ఈ కథ నేర్పుతుంది. దీని ప్రాణం ఎక్కడుంది? కరువు ప్రాణమంతా ఆకాశంలోనే ఉందనుకుంటే మేఘం వైపు చూడడం తప్ప పని ఉండదు. దానిలో కొంత విత్తనాల కోసం చేసిన అప్పులో ఉంది, కొంత ఒకే పంట మీద పెట్టుకున్న ఆశలో ఉంది. తాగుడు అలవాటైన మనిషికి ఆ అలవాటు ప్రాణం సీసాలో కాక సాయంత్రపు ఒంటరితనంలో ఉండవచ్చు.

4. తెగిన కట్ట

ఇంతవరకు చెప్పినవి ప్రశ్న అడిగే కథలు. ప్రశ్న అడగని కథ ఒకటి ఈ జిల్లా నడిబొడ్డున ఉంది. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం చెరువు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలంలో, పద్నాలుగో శతాబ్దంలో, పండమేరు వాగుకు అడ్డంగా కట్టింది. ఒకసారి పెద్దవానకు చెరువు నిండి కట్టకు గండి పడింది. ఎంత మట్టి పోసినా నిలవలేదు. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ గండిలోకి దిగితే కట్ట నిలుస్తుందని దైవవాక్కు పలికింది. ఆమె పసుపు కుంకుమలతో, భర్తనూ బిడ్డనూ వదిలి, గండిలోకి నడిచింది. కట్ట నిలిచింది. ఇప్పటికీ ఆ చోటును ముసలమ్మ కట్ట అంటారు, ఆమెకు మొక్కుతారు.

ఈ గాథ సి.పి. బ్రౌన్ వెలువరించిన అనంతపురం చరిత్ర ద్వారా గ్రంథస్థమైంది. దాన్ని తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి 1899లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, ‘ముసలమ్మ మరణము’ రాశారు. రాజులు, దేవతలు కాక ఒక రైతు ఇంటి కోడలు కావ్యనాయిక కావడం తెలుగు కవిత్వంలో ఒక మలుపు అయింది.

ఈ కథకు అందరూ చెప్పే అర్థం త్యాగం. ఆ అర్థాన్ని తక్కువ చేయడం తగదు. కట్ట కింద పొలాలున్నవారి ఇళ్లలో తరతరాలుగా దీపం పెట్టిన కృతజ్ఞత అది. అయితే ఏడు చేపల కథ నేర్పిన అలవాటుతో ఈ కథ ముందు నిలబడితే, అడగవలసిన ప్రశ్నలు ఒక్కొక్కటీ లేచి వస్తాయి.

కట్ట ఎందుకు తెగింది? వాన ఎక్కువైంది గనుక. వాన ఎక్కువైతే మరవ మీదుగా నీళ్లు పోవాలి, పోలేదా? కట్టలో చెట్ల వేళ్లు, ఎలుక బొరియలు ఉంటే ముందు చూడవలసింది ఎవరు? సీమ చెరువులకు ఒక ఏర్పాటు ఉండేది. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చేయించేవారికి ఆ చెరువు కింది భూమిలో వాటా ఇచ్చే దశబంధం ఇనాము. నీళ్లు పంచి, తూములు కనిపెట్టుకునే నీరుగంటి. ఇంతమందికి ఇన్ని బాధ్యతలున్న చెరువు తెగిన రోజున, ఏ బాధ్యతా లేని చిన్నకోడలి పేరు ఎందుకు వచ్చింది? పెద్దకోడళ్లను ఎందుకు అడగలేదు? బసిరెడ్డిని ఎందుకు అడగలేదు? గండి కట్టడానికి ఊరు ఒక మనిషిని ఎంచుకోవలసి వస్తే, నోరు తక్కువ ఉన్న మనిషే ఎందుకు తగులుతుంది?

కన్నడసీమలో ‘కెరెగె హార’ అనే జానపద గేయం ఇదే కథను పాడుతుంది. మల్లనగౌడ తవ్వించిన చెరువుకు నీళ్లు పడలేదు. జోస్యుడు ఒక కోడలిని బలి ఇమ్మన్నాడు. చిన్నకోడలు భాగీరథి పేరు ఖాయమైంది. ఆ గేయంలో ఆమె పుట్టింటికి వెళ్లి వస్తుంది, నేస్తురాలితో మనసు విప్పుకుంటుంది. తిరిగొచ్చిన భర్త సంగతి తెలిసి అదే చెరువులో దూకుతాడు. త్యాగాన్ని పొగిడే కథలోనే ఆడవాళ్ల గొంతులు దాన్ని అనుమానించే జాగా ఉంచుకున్నాయి.

ఇంకా దూరం పోతే గ్రీసులో ఆర్టా వంతెన, సెర్బియన్ల గాథలో స్కాదర్ కోట, రుమేనియాలో మనోలె మేస్త్రి కట్టిన మఠం. అన్నిచోట్లా పగలు కట్టింది రాత్రి కూలుతుంది, అన్నిచోట్లా మేస్త్రి భార్యో, ఇంటి చిన్నకోడలో గోడలో కలిసిపోతుంది. స్కాదర్ కథలో ఆమె తన పసిబిడ్డకు పాలిచ్చేందుకు గోడలో సందు వదలమని వేడుకుంటుంది. ఆర్టా కథలో మొదట వంతెనను శపించి, పరదేశంలో ఉన్న తమ్ముడు ఏదో ఒక రోజు దాని మీదుగా నడుస్తాడని గుర్తొచ్చి శాపాన్ని దీవెనగా మార్చుకుంటుంది. 1996లో అలన్ డండెస్ ఈ కథల మీద వచ్చిన వ్యాఖ్యలను ఒక పుస్తకంగా కూర్చి, వీటిని పెళ్లిలో ఆడదాని బతుకు మూసుకుపోవడానికి రూపకంగా చదవాలన్నాడు. ఆ అన్వయంలో బలముంది. కానీ అనంతపురం కథకు అది సగమే సరిపోతుంది. ఇక్కడ మూసుకున్నది ఊరందరి చెరువు గండి. ఊరి నిర్లక్ష్యం మూల్యం ఒకే ఇంట, ఒకే మనిషి దగ్గర వసూలైంది. ఈ కథ లోపలి బరువు అదే.

దీన్ని బతుక్కు అన్వయించుకోవడం కష్టం కాదు, ఒప్పుకోవడం కష్టం. కరువొచ్చిన ఏడాది ఇంట్లో ఎవరి చదువు ముందు ఆగుతుంది? మగపిల్లాడి ఫీజుకు, ఆడపిల్ల ఫీజుకు డబ్బు చాలనప్పుడు ఏది మానేస్తారు? బెంగళూరుకు కూలికి పోవలసి వస్తే, ముసలివాళ్లనూ పిల్లలనూ పశువులనూ ఎవరి నెత్తిన వదిలి పోతారు? తాళిబొట్టు ఎవరి మెడలోంచి కుదువకు పోతుంది? ఇవన్నీ ఇష్టపడి చేసిన త్యాగాలుగానే చెప్పుకుంటారు, తర్వాత పొగుడుతారు కూడా. ముసలమ్మ కథను లోతుగా విన్న ఇంట్లో, పొగడ్త మొదలయ్యే ముందు ఒక ప్రశ్న పడాలి. ఈ గండికి బాధ్యులు ఎవరెవరు, వాళ్లలో ఎవరెవరు తలా ఒక తట్ట మట్టి మోశారు?

5. కరువు కథలు, మార్చిన పాఠాలు

గ్రిమ్ సోదరుల హేన్సెల్, గ్రెటెల్ కథ మిఠాయి ఇంటి వల్ల ప్రసిద్ధి. నిజానికి అది కరువు కథ. దేశంలో రొట్టె దొరకని రోజుల్లో కట్టెలు కొట్టేవాడి ఇంట్లో, బిడ్డలను అడవిలో వదిలేద్దామని భార్య మొగుడికి రాత్రిపూట చెబుతుంది. 1812 నాటి పాఠంలో ఆమె కన్నతల్లి. 1840 నాటి ముద్రణకు ఆమె సవతితల్లి అయింది. కన్నతల్లి అలా మాట్లాడిందంటే చదివేవారు తట్టుకోలేరని ఆ మార్పు చేశారు. మార్పుతో కథ తేలికైంది. దుర్మార్గం సవతితల్లి మీద పడిపోయి, కరువు తప్పించుకుంది. మొదటి పాఠం వేసిన ప్రశ్న, ఆకలి కన్నప్రేమను ఎంత దూరం నెట్టగలదన్నది, మాయమైంది.

1876–78 నాటి ధాత కరువు గురించి తాతముత్తాతల మాటలు ఇంకా ఇళ్లలో మిగిలిన సీమ ఇది. బిడ్డలను ఎవరికో అప్పగించి పోయిన తల్లుల ప్రస్తావన అలాంటి మాటల్లో వస్తే, వాళ్లను కఠినులుగా మార్చి చెప్పుకోకపోవడం కథల పట్ల, వాళ్ల పట్ల న్యాయం.

6. ఇంట్లో, బడిలో

ఈ చూపును ఆచరణలో పెట్టడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. కొన్ని అలవాట్లు చాలు. అయిదారేళ్ల లోపు బిడ్డకు అర్థాలేవీ చెప్పకూడదు. ఆ వయసులో బిడ్డ అదే కథ, అదే వరుసలో, ఒక్క మాట మారకుండా మళ్లీ మళ్లీ అడుగుతుంది. ఆ మళ్లీ మళ్లీ వినడంలోనే కథ పని జరుగుతుంది. పదేళ్ల పిల్లలను కథలో మాట్లాడని మనిషి ఎవరని అడగవచ్చు. ముసలమ్మ కథలో ఆమె తోడికోడళ్లు మాట్లాడరు, ఆమె బిడ్డ మాట్లాడడు, చెరువు మీద అజమాయిషీ ఉన్న పెద్దలు మాట్లాడరు. వాళ్లు ఏమని ఉంటారో పిల్లల చేత చెప్పించిన తరగతిలో, కథ ఒక రోజుతో ముగియదు. ఉన్నత పాఠశాల పిల్లలకు ఒకే కథ రెండు పాఠాలు పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. ముసలమ్మ, భాగీరథి; గ్రిమ్ 1812, గ్రిమ్ 1840. ఎక్కడ ఏమి మారిందో వాళ్లే పట్టుకుంటారు.

ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. కథలు కట్ట బిగించవు, బోరు తవ్వవు. దుఃఖంలో ఉన్న మనిషికి కథ చెప్పి నీ బతుకూ ఇంతేనని అన్వయించడం క్రూరం. అన్వయం ఎవరికి వారు చేసుకోవలసిందే. పెద్దలు చేయగలిగింది కథను చక్కగా చెప్పి, ప్రశ్నకు చోటు వదిలి, జవాబు కోసం తొందరపెట్టకపోవడం.

అసలు కథ చెప్పకపోతే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఉంది. రామానుజన్ సేకరించిన ఆ కన్నడ కథలో ఒక ఇల్లాలికి ఒక కథ, ఒక పాట తెలుసు. ఆమె ఎవరికీ చెప్పలేదు. లోపల ఉక్కిరిబిక్కిరైన కథ, పాట ఒక రోజు ఆమె నిద్రలో బయటపడి గుమ్మం దగ్గర చెప్పుల జతగా, కోటుగా మారాయి. మొగుడు అనుమానపడి, పోట్లాడి, గుడిలో పడుకోవడానికి పోయాడు. ఊళ్లో ఆరిపోయిన దీపాలన్నీ రాత్రి ఆ గుడిలో చేరి చెప్పుకునే మాటల్లో అతనికి అసలు సంగతి తెలిసింది. ఇంటికొచ్చి ఆ కథేమిటని అడిగేసరికి ఆమెకు అది గుర్తులేదు. గుత్తి, పామిడి, తాడిపత్రి, ఉరవకొండ పల్లెల్లో అవ్వల దగ్గర ఉన్న కథలు ఇదే దారిలో ఉన్నాయి. వాటిని రాసేటప్పుడు కథ ఒక్కటే రాస్తే చాలదు. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ పని చేస్తూ చెప్పారు, వింటున్నది ఎవరు, మధ్యలో ఎవరు ఏమని అడ్డొచ్చారు అన్నవి కూడా రాయాలి. సెలవుల్లో ఈ పని చేయగల విద్యార్థులు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. చెరువు కట్టల మీది గాథలతో మొదలుపెడితే మేలు, ఎందుకంటే చాలా ఊళ్లలో కట్ట మీద ఒక అమ్మవారు, ఆమె వెనుక ఒక కోడలి పేరు ఉన్నాయి. ముసలమ్మ కథకే పది ఊళ్ల నుంచి పది పాఠాలు దొరికితే, ఆ రాత్రి ఆమె తోడికోడళ్లు ఏమన్నారో చెప్పే పాఠం వాటిలో ఒకటైనా ఉండవచ్చు.